ఊరికి ఫైబర్ వేయించుకునే ముందు: ఆ తీగ ఎవరిదో తేల్చుకోండి

"అన్నా, స్పీడెంత వస్తాది? నెలకెంత?" ఫోన్ చేసేవాళ్లు దాదాపు అందరూ ఈ రెండే అడుగుతారు. డిష్ యాంటెన్నాల కాలం నుంచి నెల్లూరు జిల్లా కోవూరు, విడవలూరు మధ్య ఊళ్లలో కేబుల్ ఆపరేటర్‌గా ఉన్నాను. ఇప్పుడు ఫైబర్ లాగుతున్నాను. "స్తంభం మీంచి మా ఇంటికొచ్చే తీగ ఎవరిది?" అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అడక్కపోవడం నాలాంటివాడికి లాభమే. తీగ నాదైతే నా సర్వీసు నచ్చకపోయినా మీరు ఎటూ పోలేరు. ఇంకొకడు రావాలంటే మళ్లీ మొదటి స్తంభం నుంచి తీగ లాగాలి. చిన్న ఊరికి అంత ఖర్చు పెట్టి ఎవరొస్తారు?

ఈ మధ్య మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొందరు, నెల్లూరులో ఒక అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు వచ్చి "మా తీగ మేమే వేయించుకుంటాం, ఎట్టా?" అని అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మా ఆపరేటర్లలో కొందరికి ఇది నచ్చదు, ఆ సంగతి నాకు తెలుసు.

ముందు ఏది ఎవరిదో విడదీయండి

ఫైబర్ అంటే ఒకే వస్తువు అనుకుంటారు. స్తంభం, గాజు తీగ, రెండు చివర్లలో పెట్టెలు, వాటిలో వచ్చే నెట్ అన్నీ వేరు వేరు. స్తంభం కరెంటోళ్లది. నెల్లూరు వైపు ఏపీఎస్పీడీసీఎల్, ఒంగోలు వైపు ఏపీసీపీడీసీఎల్. పెట్టెల్లో ఒకటి ఆపరేటర్ గదిలో ఉండే ఓఎల్‌టీ, రెండోది మీ గోడకు బిగించే ఓఎన్‌టీ. పిడుగులకూ కరెంటు హెచ్చుతగ్గులకూ అవి పోతూనే ఉంటాయి. ఏమీ కాకపోయినా ఆరేడేళ్లకు పాతబడతాయి. నెట్ నెలనెలా కొనుక్కునే సరుకు. గాజు తీగ మాత్రం సరిగా వేస్తే ఇరవై, పాతికేళ్లు ఉంటుంది. రేపు పదింతల స్పీడు వచ్చినా అదే తీగ పనికొస్తుంది, పెట్టెలు మారిస్తే చాలు.

అందుకే నా లెక్క ఇది. పెట్టెలూ నెట్టూ ఎవరివైనా ఫర్వాలేదు. పాతికేళ్లుండే తీగ మాత్రం పాతికేళ్లూ ఆ ఊళ్లో ఉండేవాళ్లదై ఉండాలి.

ఇప్పటికే మీ వీధిలో తీగ ఉంటే అది ఎవరిదో కనుక్కోవడం కష్టం కాదు. పగటిపూట స్తంభం కింద నిలబడి, వేలాడే చుట్టను ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి. నల్లటి తొడుగు మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. తయారీ కంపెనీ పేరు, సంవత్సరం, ఎన్ని కోర్ల (లోపలి గాజు పోగుల) కేబులో, మీటర్ల అంకె. పెద్ద మొత్తంలో చేయించుకున్నవాళ్లు తమ పేరు కూడా వేయించుకుంటారు. తర్వాత మీరు సంతకం పెట్టిన దరఖాస్తు తీసి చదవండి. ఓఎన్‌టీ కంపెనీ ఆస్తి అని, మానేస్తే తిరిగి ఇవ్వాలని చాలావాటిలో రాసి ఉంటుంది. తీగ గురించి ఏమీ రాసి ఉండదు. రాయలేదంటే లాగినవాడిదే అని ఊళ్లో నడిచే పద్ధతి.

ఇప్పటిదాకా ఎవరెవరు వేశారు

కేంద్రం 2011లో పంచాయతీలకు ఫైబర్ పథకం ఒప్పుకుంది. దాన్నే తర్వాత భారత్‌నెట్ అన్నారు. 2023లో దానికి సవరించిన రూపం ఇచ్చి 1.39 లక్షల కోట్లు కేటాయించారు. పని బీఎస్ఎన్ఎల్ చేతిలో ఉంది. ఇది ముందు పంచాయతీ దాకా వచ్చే తీగ. పంచాయతీ ఆఫీసు గోడ నుంచి మీ గుమ్మం దాకా మళ్లీ ఎవరో ఒకరు లాగాలి.

మన ఆంధ్రప్రదేశ్ 2015లో ఫైబర్‌నెట్ కంపెనీ పెట్టింది. రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే తీగ వేశారు, సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోన్, 15 ఎంబీపీఎస్ నెట్ అని ఇచ్చారు. ఆ ధర చూసే చాలా ఊళ్లు మొదటిసారి ఫైబర్ మొహం చూశాయి. పెద్ద తీగ ప్రభుత్వానిది, ఇంటికి లాగేది లోకల్ కేబుల్ ఆపరేటర్. స్తంభాలు వాడుకోవడం మంచి ఆలోచన, ఇప్పటికీ అదే అంటాను. కానీ ప్రభుత్వానిదైనంత మాత్రాన తీగ మీది అయిపోదు. ప్రభుత్వం మారితే ధరలు మారతాయి, ప్రాధాన్యాలు మారతాయి. మీ వీధిలో తెగిన డ్రాప్ కేబుల్ (స్తంభం నుంచి ఇంటికొచ్చే తీగ) మాత్రం విజయవాడ నుంచి ఎవరికీ కనపడదు.

ప్రైవేటు కంపెనీదైతే పని చురుగ్గా ఉంటుంది, ఇళ్లు ఎక్కువున్న చోట. మాకు దగ్గరి ఒక ఊళ్లో ఒక కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు వచ్చి పాత పెట్టెలు పనికిరావన్నారు, మళ్లీ డిపాజిట్ కట్టమన్నారు. కట్టనివాళ్ల తీగ స్తంభం దగ్గర కత్తిరించి చుట్ట చుట్టుకుని పోయారు. వాళ్ల తీగ, వాళ్ల ఇష్టం. ఎవరూ ఏమీ అనలేకపోయారు.

బయట వేరే దారులు పట్టినవాళ్లూ ఉన్నారు. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ నగరం 1994లో స్టోకాబ్ అనే సొంత కంపెనీ పెట్టి ఊరంతా గాజు తీగ వేసింది. అది జనానికి నెట్ అమ్మదు. తీగను మాత్రం అడిగిన కంపెనీలన్నిటికీ అద్దెకిస్తుంది. అమెరికాలో చట్టనూగా ఊరి కరెంటు సంస్థ 2010లోనే ఇంటింటికీ గిగాబిట్ ఇచ్చింది. నాకు బాగా నచ్చింది ఇంగ్లండ్‌లో లాంకషైర్ పల్లెలు చేసిన పని. పెద్ద కంపెనీలు తమవైపు రావని తేలాక 2011లో సంఘం పెట్టుకున్నారు. ఊళ్లోవాళ్లే వాటాలు కొన్నారు, రైతులు డబ్బు అడక్కుండా పొలాల్లో దారి ఇచ్చారు, తీగ పూడ్చే కాలువలు చాలావరకు వాళ్లే తవ్వుకున్నారు. బోరు నీటి పైపును మన పక్క రైతు తన గట్టు మీదుగా పోనిస్తాడే, అట్లా.

ఊరి మధ్య ఒక పెట్టె

తీగ మీ పేరున రాయించుకున్నంత మాత్రాన పని అయిపోదు. లాగిన పద్ధతి తప్పైతే కాగితం మీద మీదైనా నిజానికి ఆపరేటర్‌దే. ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

ఓఎల్‌టీ పెట్టెలో ఒక్కో పోర్టు నుంచి వెలుగును మోసే ఒక్క గాజు పోగు బయల్దేరుతుంది. దారిలో స్ప్లిట్టర్ అనే చిన్న భాగం ఆ వెలుగును ఎనిమిదిగా పంచుతుంది. ముందుకు పోయాక ఇంకో స్ప్లిట్టర్ ఒక్కోదాన్నీ మళ్లీ ఎనిమిదిగా పంచుతుంది. అంటే ఒక పోర్టు మీద 64 ఇళ్లు. ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ పోర్టు కిందికి (ఇళ్లవైపు) సుమారు 2.5 జీబీపీఎస్, పైకి (ఇళ్లనుంచి) 1.25 జీబీపీఎస్ ఇస్తుంది. 64 ఇళ్లూ దాన్నే పంచుకుంటాయి. అందరూ ఒకేసారి గట్టిగా వాడరు కాబట్టి ఇబ్బంది ఉండదు. సాయంత్రం నెట్ నెమ్మదిస్తే తప్పు సాధారణంగా ఇక్కడ ఉండదు, ఆపరేటర్ పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్ తక్కువై ఉంటుంది.

మేము మామూలుగా చేసేదేంటంటే, ఆ రెండో స్ప్లిట్టర్‌ను స్తంభాల మీద అక్కడొకటి ఇక్కడొకటి పెట్టేస్తాం. తీగ కలిసొస్తుంది, జాయింట్లు తగ్గుతాయి. కానీ అప్పుడు ఆ స్తంభం చుట్టూ ఉన్న ఎనిమిది ఇళ్లూ ఒకే పోగుకు, ఒకే ఆపరేటర్‌కు కట్టుబడిపోతాయి. ఒక్క ఇల్లు వేరే కంపెనీకి మారాలన్నా దారి ఉండదు.

మీరు ఇంకోలా అడగండి. ప్రతి ఇంటికీ ఒక్కో కోర్ విడిగా లాగి, అన్నిటినీ ఊరి మధ్య ఒకే పెట్టెలోకి తెమ్మనండి. పంచాయతీ ఆఫీసు వరండా, పాల కేంద్రం, గుడి పక్క గది, తాళం వేయడానికి వీలైన చోటు ఏదైనా సరే. స్ప్లిట్టర్లకు కరెంటు అక్కర్లేదు కాబట్టి వాటిని కూడా ఆ పెట్టెలోనే బిగించొచ్చు. ఒక ఆపరేటర్ తన స్ప్లిట్టర్ పెడతాడు, రెండోవాడు వస్తే పక్కనే తనది పెడతాడు. ఎవరైనా కంపెనీ మారాలంటే పెట్టె తెరిచి ప్యాచ్ కార్డ్ అనే చిన్న తీగ ఇక్కడ పీకి అక్కడ గుచ్చడమే పని. తాళంచెవి ఒకటి సంఘం దగ్గర, ఒకటి ఆపరేటర్ దగ్గర.

దీనికి కోర్లు ఎక్కువ కావాలి, స్ప్లైసింగ్ (పోగులు అతికే పని) ఎక్కువ. ఖర్చు కొంత పెరుగుతుంది. అయితే ఆరు కోర్ల కేబుల్ లాగినా ఇరవైనాలుగు కోర్ల కేబుల్ లాగినా స్తంభాలు ఎక్కే కూలి ఒకటే. వీధికి ఎన్ని ఇళ్లున్నాయో లెక్కబెట్టి దానికి పైన పావు వంతు కోర్లు ఎక్కువ వేయించండి. కొత్త ఇళ్లు కడతారు, కొన్ని పోగులు చెడిపోతాయి.

లాగేటప్పుడు పక్కనుండి చూడాల్సినవి

స్తంభాల మీద వేసేది ఏడీఎస్ఎస్ కేబుల్ అయ్యుండాలి. అందులో లోహం ఉండదు, తన బరువు తానే మోస్తుంది. ఇనప తీగ ఉన్న చవక కేబుల్‌ను కరెంటు స్తంభాల మీద అస్సలు వేయనివ్వొద్దు. కరెంటోళ్ల దగ్గర ఎల్‌సీ (లైన్‌లో కరెంటు ఆపారన్న అనుమతి) తీసుకోకుండా ఎవర్నీ స్తంభం ఎక్కనివ్వొద్దు కూడా. తొందరగా అయిపోవాలని మీరే ఒత్తిడి పెట్టకండి.

రోడ్డు దాటే చోట ఎత్తు చూడండి. మా వైపు తీగలు తుఫానుకన్నా వరిగడ్డి ట్రాక్టర్లకే ఎక్కువ తెగుతాయి. కోతలయ్యాక రెండు నెలలు అదే పని. లోడు ఎంత ఎత్తు కడతారో మీకు తెలుసు, దానికి పైన ఇంకో మనిషి నిలబడ్డా తగలకుండా ఉండాలి. ప్రతి జాయింట్ దగ్గరా పది, పదిహేను మీటర్లు చుట్ట వదిలేయమనండి. తెగినప్పుడు ఆ చుట్టలోంచి లాగి అతికిస్తారు. చుట్ట లేకపోతే మధ్యలో ముక్క వేయాలి, ఒక జాయింట్‌కు బదులు రెండు.

నేల కింద వేయాలా, పైన వేయాలా అని అడుగుతారు. టెలికాం వాళ్ల పద్ధతిలో కాలువ లోతు 1.65 మీటర్లు ఉండాలి. పల్లెల్లో అంత లోతు ఎవరూ తవ్వరు, జానెడు లోతులో పూడ్చి వెళ్లిపోతారు, ఆర్నెల్లకు నీళ్ల పైపుల జేసీబీ వచ్చి లేపేస్తుంది. కాబట్టి ఊళ్లలో స్తంభాలే నయం. ఒక్కటి మాత్రం చేయండి. సీసీ రోడ్డు పడబోతోందని తెలిస్తే, పోసేముందు అడ్డంగా 40 ఎంఎం పైపు ఒకటి వేయించుకోండి. సిమెంటు పోశాక అదే పని చేయాలంటే రోడ్డు కోయాలి, మళ్లీ ఊళ్లో గొడవ.

స్ప్లైసింగ్ చూడ్డం బాగుంటుంది. పిల్లలు చుట్టూ చేరతారు, దూరంగా ఉంచండి. తొడుగు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో చివర కోస్తారు. ఆ కోసిన ముక్క వెంట్రుక కన్నా పెద్ద లావుగా ఉండదు, మొత్తం మందం 125 మైక్రాన్లు. కాల్లో గుచ్చుకుంటే కనపడదు, తియ్యలేరు. మంచి పనివాడు ప్రతి ముక్కనూ టేపు మీద అంటించి డబ్బాలో వేస్తాడు. అరుగు మీద చల్లేసే పనివాణ్ణి అక్కడే ఆపండి. మెషిన్ స్క్రీన్ మీద రెండు పోగులు ఎదురెదురుగా వచ్చి, ఒక మెరుపుతో అతుక్కుంటాయి, కింద వెలుగు నష్టం ఎంతో డీబీ అనే కొలతలో అంకె పడుతుంది. 0.1 దాటితే మళ్లీ కోసి అతకమనండి.

చివరగా ఇంట్లో పవర్ మీటర్ (వెలుగు బలం కొలిచే పరికరం) పెట్టించి చూడండి. లెక్క ఇట్లా ఉంటుంది. ఓఎల్‌టీ నుంచి వెలుగు ప్లస్ 4 డీబీఎం బలంతో బయల్దేరిందనుకుందాం. ఎనిమిది దారుల స్ప్లిట్టర్ ఒక్కోటి సుమారు పదిన్నర తింటుంది, రెండు కలిసి 21. మూడు కిలోమీటర్ల తీగకు ఒకటి, కనెక్టర్లకూ జాయింట్లకూ రెండు. మీ ఇంట్లో మైనస్ 20 దగ్గర రావాలి. ఓఎన్‌టీ మైనస్ 27 దాకా పట్టుకుంటుందని చెప్తారు. మైనస్ 25 వస్తున్న ఇంటిని నేను ఒప్పుకోను, ఎక్కడో తీగ బాగా వంగి ఉంటుంది, లేదా కనెక్టర్ మురికిపట్టి ఉంటుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దాంట్లో గుచ్చినా పవర్ పడిపోతుంది. వచ్చిన అంకెను తేదీతో సహా పెట్టె పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాయించండి. ఏడాది తర్వాత నెట్ ఆగుతూ ఉంటే మళ్లీ కొలిపించి పోల్చి చూడొచ్చు. "మీ ఫోనే సరిగ్గా లేదు సార్" అని తప్పించుకోలేరు.

చట్టం ఏమంటుందంటే

సంఘం ఒక కనెక్షన్ కొని నలభై ఇళ్లకు పంచి డబ్బు వసూలు చేయడం కుదరదు. నెట్ అమ్మాలంటే టెలికాం శాఖ లైసెన్సు ఉండాలి. 2020 డిసెంబర్‌లో వచ్చిన పీఎం వాణి పథకం కింద వైఫై హాట్‌స్పాట్ పెట్టుకునే చిన్న దుకాణదారుకు మాత్రం లైసెన్సు అక్కర్లేదు. తీగను కంపెనీలకు అద్దెకివ్వడానికి ఐపీ-1 అనే రిజిస్ట్రేషన్ పద్ధతి చాలాకాలంగా ఉంది. 2023 టెలికాం చట్టం వచ్చాక ఇవన్నీ కొత్త రూపంలోకి మారుతున్నాయి. రోడ్ల వెంట తీగ వేసే అనుమతుల నిబంధనలు 2025 జనవరి 1 నుంచి కొత్తవి. కాబట్టి ఊరి సంఘం తానే అద్దె వ్యాపారం మొదలుపెట్టేముందు తెలిసిన లాయర్‌తో మాట్లాడాలి.

అపార్ట్‌మెంట్‌కు ఈ తలనొప్పి లేదు. గేటు లోపలంతా మీ స్థలం. సంఘం డబ్బుతో మెట్ల పక్క డక్టులో తీగ వేయించుకుని, కింద వాచ్‌మన్ గదిలో పెట్టె పెట్టుకుని, ఏ కంపెనీ వచ్చినా అక్కడిదాకా రమ్మనండి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో వేదాయపాళెంలోనో కొత్తగా కడుతున్న బిల్డర్‌తో ముందే మాట్లాడితే గోడలు పగలగొట్టే పని కూడా తప్పుతుంది. ఏదో ఒక కంపెనీ "తీగంతా ఫ్రీగా మేమే వేస్తాం" అని వస్తుంది. ఆ ఫ్రీ ఎందుకో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది.

ఊళ్లో అయితే నేను చెప్పే మధ్యేమార్గం ఇది. స్తంభాలు వాడుకునే అనుమతీ, వాటి అద్దె ఒప్పందమూ లైసెన్సున్న కంపెనీ గానీ దాని కింద పనిచేసే ఆపరేటర్ గానీ తన పేరున తెచ్చుకుంటాడు. ఊరి పెట్టె నుంచి ఇళ్ల దాకా తీగకు డబ్బు ఊరివాళ్లు పెడతారు. 2001 సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టర్ చేసుకుని, స్టాంపు పేపర్ మీద ఆ తీగ సంఘానిదని, ఆపరేటర్ వాడుకుంటున్నాడని రాసుకుంటారు. సర్పంచ్ సొంత పేరున వద్దు, ఎంత మంచివాడైనా సరే. రెండు పార్టీలవాళ్లూ కమిటీలో ఉండాలి, లేకపోతే ఎన్నికల తెల్లారి సగం ఊరికి నెట్ ఉండదు.

ఒప్పందంలో తప్పకుండా ఉండాల్సినవి చెప్తాను. ఏ కోర్ ఏ ఇంటికి పోయిందో రాసిన మ్యాప్ నకలు సంఘం దగ్గర ఉండాలి. ఇది లేకపోతే తీగ మీదైనా ఇంకో ఆపరేటర్ దాన్ని వాడలేడు. మామూలుగా తెగితే ఎన్ని గంటల్లో, తుఫాను తర్వాత ఎన్ని రోజుల్లో బాగుచేయాలో రాయాలి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వైపు స్తంభాలే పడిపోయాయి, కరెంటు రాకుండా ఫైబర్ రాదు. ఆ మాట కూడా రాసుకుంటే ఎవరిమీదా ఎవరికీ కోపం ఉండదు. ఆపరేటర్ మానేసినా, వ్యాపారం వేరేవాళ్లకు అమ్మినా తీగ కదలకూడదు. రెండో ఆపరేటర్ వస్తే అడ్డుపడకూడదు.

ఇంకొకటి, దీన్నే అందరూ మరిచిపోతారు. బాగుచేసే మనిషికి డబ్బెక్కడి నుంచి వస్తుంది? తీగ ఊరిదైన చోట్ల మొదటి ఏడాది ఉత్సాహం బాగుంటుంది. రెండో ఏడాది తీగ తెగితే "ఊరిది కదా, ఎవరో ఒకరు చూస్తారులే" అంటారు. కాబట్టి ప్రతి కనెక్షన్ బిల్లులోంచి నెలనెలా కొంత సంఘం ఖాతాలో పడేట్టు మొదటి రోజే రాసుకోండి. ఆ డబ్బుతో లైన్‌మన్‌కు పనికింతని ఇవ్వండి. ఇది ఒప్పుకోని ఊరికి నేను సొంత తీగ సలహా ఇవ్వను. అక్కడ కంపెనీ తీగే మేలు.

మొదలుపెట్టేదెట్లా

గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను కలిసి మీ పంచాయతీకి భారత్‌నెట్ తీగ వచ్చిందో లేదో, వస్తే వెలుగు వస్తోందో లేదో అడగండి. చాలాచోట్ల పెట్టె ఉంటుంది, కానీ ప్లగ్గు పీకి ఫ్యాన్‌కు పెట్టి ఉంటారు. తర్వాత ఒక సాయంత్రం నోటు పుస్తకం పట్టుకుని వీధులన్నీ నడవండి. కాగితం మీద స్తంభాలు గీసి, డబ్బు కడతామన్న ఇళ్లకు మాత్రమే గుర్తు పెట్టండి. "చూద్దాంలే" అన్నవాళ్లను లెక్కలో వేసుకోవద్దు. ఆ కాగితంతో ఇద్దరు ఆపరేటర్ల దగ్గరికి పోండి, ఒక్కడి దగ్గరికి కాదు.

రొయ్యల గుంటలవాళ్లు ఊరికి కిలోమీటరో రెండో దూరంలో కెమెరాలకని నెట్ అడుగుతారు. వాళ్లను కలుపుకోండి, డబ్బు సరిగ్గా కట్టేది వాళ్లే. కానీ గట్ల మీద స్తంభాల దాకా తీగ ఖర్చు వాళ్లదే పెట్టించండి, కోర్ మాత్రం ఊరి పెట్టెలోంచే ఇవ్వండి. గుంట దగ్గర ఓఎన్‌టీని ఏరేటర్ల లైను మీద పెట్టనివ్వొద్దు. మోటార్లు ఆన్ చేసినప్పుడల్లా అడాప్టర్లు పోతాయి. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి విడిగా కొని పెట్టుకోమనండి.